గోదావరి పోయిందని తలకు పోసుకున్న మనిషి

“గోదావరి కాడికే పోతన్నవా?”

“అవ్.”

“పో మరి. నా గురించి గూడ దానికి జెప్పు.”

కోటయ్య గారు, రంగమ్మ గారు మొగుడూ పెళ్ళాలుగా ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. నేను మంచం పక్కన కూర్చుని యూరిన్ బ్యాగు మారుస్తున్నాను. ఆ తర్వాత ఆయన కళ్ళు తెరిచి చూశాడు గానీ నోటి నుంచి మాట రాలేదు. ముందు సంగతి తెలియని వాళ్ళు ఇది వింటే సవతి పోరు అనుకుంటారు. గోదావరి పేరు మొదట విన్నప్పుడు మేమూ అదే అనుకున్నాం.

నేను వాళ్ళింటికి పోయింది రెండు వేల నాలుగో సంవత్సరంలో. ఎండలు ముదురుతున్నాయి. బూర్గంపాడుకు ఇవతల, అడవి ఆగిపోయి మిరప చేలు మొదలయ్యే చోట వాళ్ళ ఇల్లు. నా పేరు మరియమ్మ. మా ఆయన వెదురు లారీ మీది నుంచి పడి చనిపోయాక భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయాగా చేరాను. చదువంటే నా పేరు రాయడం, థర్మామీటరు మీద అంకెలు చూడడం, అంతే. మంచాన పడ్డ వాళ్ళను ఇంటి దగ్గర చూసుకునే పని దవాఖానాలోనే నేర్చుకుని తర్వాత ఇళ్ళకు పోవడం మొదలుపెట్టాను. ఈ పని ఎట్లా ఉంటుందని అడిగేవాళ్ళ కోసమే ఇది చెప్తున్నా. మా కోడలు సునీత రాస్తోంది.

మా పనికి ముందు కావాల్సింది అనుమానం. ఇంట్లోకి పోగానే నేను మనుషుల మొహాలు చూడను, ముక్కుతో వాసన చూస్తాను. తర్వాత పేషెంటు గోళ్ళు, నడుము కింద చర్మం. ఆ తర్వాత నీళ్ళ చెంబు ఎక్కడ పెట్టారో చూస్తాను. కోటయ్య గారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. నీళ్ళ చెంబు కుడి పక్కనే స్టూలు మీద ఉంది. పనిచేసే ఎడమ చేయి ఎంత చాపినా అందదు. నడుము కింద అప్పుడే బెడ్‌సోరు మొదలైంది. బెడ్‌సోరు అంటే ఒక్క పక్కనే పడుకోబెట్టి వదిలేస్తే ఒత్తిడికి చర్మం చచ్చి పడే పుండు. చూసేవాళ్ళు ఉన్న ఇంట్లో అది పడదు.

ఆ ఇంట్లో చూసే మనిషి ఒక్కరే, ఆయన భార్య రంగమ్మ గారు. పిల్లలు లేరు. ఆమె వసారాలో మిరపకాయల గుట్ట ముందు కూర్చుని, మంచానికి వీపు పెట్టి, తొడిమలు తీస్తోంది.

“పెద్దమ్మా, పెద్దయ్య పొద్దున ఏం తిన్నడు?” అని అడిగాను.

“పెడితే తినలే. నువ్వు పెట్టు. నిన్ను పిలిపిచ్చింది దేనికి?”

“కొత్త చేయి గద, నోరు తెరుస్తడో లేదో. నువ్వు ఒక్క ముద్ద మొదలుపెట్టరాదు?”

ఆమె రెండు చేతులూ నా మొహం ముందు పెట్టింది. వేళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. “కారం చేతులు. గీటితోని నోట్ల బెడితే చస్తడు. నీకు సమ్మతమేనా?”

నాకు ఒళ్ళు మండింది. పొద్దున లేస్తూనే మిరపకాయల్లో చేతులు పెట్టుకునేది, పొద్దు గూకినా తియ్యదు. మొగుడికి ముద్ద పెట్టకుండా ఉండడానికి అదొక సాకు అని రెండో రోజుకే నాకు తెలిసిపోయింది. ఎందుకన్నదే తెలియలేదు. పొలం కోసమా? ముసలాయన జల్దీ పోతే ఎవరికి లాభం? ఇట్లాంటివి నేను కొన్ని ఇళ్ళలో చూశాను. అందుకే ఆమె గ్లాసులో పోసిచ్చిన పాలు కూడా ముందు నేను ఒక గుక్క తాగి చూసేదాన్ని.

ఆయన నా చేతి జావ మింగేవాడు కాదు. స్పూను పెదవికి తగిలిస్తే పళ్ళు బిగించి వసారా వైపు చూసేవాడు. డాక్టరు గారు వచ్చి, నోటితో తినకపోతే రైల్స్ ట్యూబు వేద్దామన్నాడు. అది ముక్కులోంచి కడుపులోకి దింపే గొట్టం. పని చేసే చేయి ఉన్న పేషెంటు దాన్ని పీకేస్తాడు. పీకకుండా ఆ చేతిని మంచానికి కట్టేస్తారు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క చేయి. దాన్నీ కట్టేస్తే ఇంకెన్నాళ్ళు బతుకుతాడు? ఈ వారం చూద్దామని బతిమాలాను. డాక్టరు గారు సరేనన్నాడు.

అప్పుడే రంగమ్మ గారి తమ్ముడు సత్యం ఎర్రుపాలెం నుంచి వచ్చాడు. నన్ను పనిలో పెట్టింది ఆయనే. నేను మొహమాటం లేకుండా అడిగేశాను. “అన్నా, మీ అక్క ఆయన కడుపు ఎండబెడుతున్నది. నాకు పాపం చుట్టుకుంటది, ఏందో చెప్పు.”

“మా అక్కదేం తప్పు లేదమ్మా. ఆయన లీలలు వింటే నువ్వు కూడా పెట్టవు” అన్నాడు. “బావకి వేరే ఆడది ఉండేది. పేరు గోదావరి.”

తర్వాత రంగమ్మ గారే మిరపకాయలు ఒలుస్తూ ఒక్కొక్కటీ చెప్పింది. కోటయ్య గారు పడుచుతనంలో మిలట్రీలో పనిచేశాడు. ఊళ్ళో అందరూ మిలట్రీ కోటయ్య అంటారు. అక్కడ ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు. బార్డర్లో తుపాకీ పట్టాడని ఊరు అనుకుంది, ఆయన కాదనలేదు. ఆ కొలువు వదిలి వచ్చాకే పెళ్ళి. కుడి జబ్బ మీద పచ్చబొట్టు ఉంది. కింద ఇంగ్లీషు అక్షరాలు, పైన చేపలు పట్టే గాలం లాంటి బొమ్మ. పెళ్ళైన కొత్తలో ఇదేంటని అడిగితే “గోదావరి” అన్నాడట. పక్కనే నది కదా, నదికి మొక్కుకుని వేయించుకున్నాడేమో అనుకుని ఆమె ఊరుకుంది.

“తర్వాత ఒకనాడు పాల్వంచ బస్టాండ్ల ఎవడో పాత దోస్తు కలిసిండట” అంది రంగమ్మ గారు. “ఇంటికొచ్చిండు. చెప్పులు ఇడిసి సీదా బావి కాడికి పోయి, అంగీతోనే తలకు పోసుకున్నడు. మైల స్నానం గద అది! ఎవరు పోయిన్రయ్యా అంటె, ‘గోదావరి పోయింది’ అన్నడు. గోదావరి ఎవరంటె, నీకు తెల్వదులే అన్నడు. ఆ దినం ముద్ద ముట్టలే. నువ్వు జెప్పు మరియమ్మా, ఏమీ కాని దానికి తలకు పోసుకుంటరా?”

మా వైపు చావు కబురు అందగానే దగ్గరి సంబంధం ఉన్నవాళ్ళే తలకు పోసుకుంటారు. ఇన్నేళ్ళూ ఆ మాటను ఆమె కడుపులో దాచుకుంది. ఆయన బాగున్నన్నాళ్ళూ దాగింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, పడిపోయిన మాటల్లోంచి మొదట బయటికొచ్చిన మాట రంగమ్మ కాదు, గోదావరి.

ఆయన జబ్బుకు డాక్టరు గారు అఫేసియా అని పేరు చెప్పాడు. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నాలుక మీదికి ముక్కలుగా వస్తుంది. అవును అనడానికి అవ్, కాదు అనడానికి లే, ఈ రెండూ సరిగ్గా వస్తాయి. మిగతావి ఎప్పుడో ఒకటి. ఆయనకు వచ్చేవి ఇవీ: గోదావరి. మూడు పేర్లు. పొలం. ముక్కలు. తూకం.

“ఇంకేం కావాలక్కా?” అన్నాడు సత్యం. “పొలం మూడు పేర్ల మీదకి మార్చాడు. ముక్కలు చేశాడు. ఒక ముక్క దానికో, దాని పిల్లలకో పోయుంటది. తూకం అంటే ఆ ముక్కలో పండిన మిరపకాయల తూకం.”

“పాసుపుస్తకంల భూమంత సక్కగనే ఉన్నదంటివి గద?”

“ఉన్నట్టు కనపడుద్ది. కనపడకుండా చేసేవాళ్ళు లేరా ఏంటి?”

నాకు కూడా అది నిజమే అనిపించింది. తెలియకుండానే నా అనుమానం రంగమ్మ గారి మీద నుంచి లేచి ముసలాయన మీద వాలింది. తుడుస్తూ, పక్క తిప్పుతూ నేనూ అడిగేదాన్ని. “పెద్దయ్యా, గోదావరి ఎవరు?” ఆయన తల అడ్డంగా ఊపేవాడు. “ఎవరు చెప్పు? ఏ ఊరిది?” మళ్ళీ అడ్డంగానే. ఎక్కువ అడిగితే గోడ వైపు తిరిగేవాడు. సత్యం అడిగినా అంతే. “చూశారా, దాస్తున్నాడు!” అనేవాడు సత్యం. అక్కను తనతో ఎర్రుపాలెం తీసుకుపోతానని బట్టలు సర్దమన్నాడు. రంగమ్మ గారు సంచీ తీసి సర్దింది కూడా. ఆమె పోతే ఇక ఆయన నోరు తెరవడు. నాకు అది ఖాయంగా తెలుసు.

వాళ్ళు బయలుదేరాల్సిన రోజు పొద్దున వాన చినుకులు పడి కట్టెలు తడిశాయి. స్నానానికి నీళ్ళు కాగబెట్టాలి. కిటికీ ఎదురుగా పెరట్లో పొయ్యి. కట్టెలు కుక్కి అంటించాను. నల్ల పొగ లేచింది. లోపల్నుంచి కోటయ్య గారు ఒకటే కేకలు. ఏమైందోనని పరుగెత్తాను.

“నల్ల... నల్ల పొగ! వద్దు!” ఎడమ చేయి కిటికీ వైపు చాపి ఊపుతున్నాడు. “గాలి! గాలి!”

ఉక్కపోస్తోందేమోనని ఫ్యాను పెంచాను.

“లే! పొయ్యి... గాలి!”

విసుక్కుంటూ పోయి రెండు కట్టెలు బయటికి లాగాను. పొయ్యికి గాలి ఆడింది. పొగ పలచబడి మంట నిలబడింది. వెనక్కి వచ్చి చూస్తే ముసలాయన దిండు మీద తల వాల్చి, అన్నం తిన్నవాడిలా ఉన్నాడు.

“ఆఁ. గట్ల. గోదావరి... పొగ లేదు.”

ఆడమనిషికీ పొగకీ సంబంధం ఏంటి? వంటమనిషా? మన తెలుగులో ఇదొక చిక్కు. మగవాడైతే వచ్చిండు అంటాం. ఆడమనిషైనా, బర్రె అయినా, బస్సైనా వచ్చింది అనే అంటాం. గోదావరి పోయింది అంటే ఏం పోయిందో ఎట్లా తెలుస్తుంది? మేమందరం ఎవరు, ఎవరు అని ఆయన్ని పీక్కుతిన్నాం. ఎవరూ కాదు కాబట్టి తల అడ్డంగా ఊపాడేమో!

“పెద్దయ్యా” అన్నాను, “గోదావరి ఏంది?”

ఆయన కళ్ళు ఇంత చేసి నా వైపు చూశాడు. మూతి ఒక పక్కకు వంకరపోయి, గొంతులోంచి గుర్రుమని ఒక చప్పుడొచ్చింది. ఫిట్స్ అనుకున్నాను. అది నవ్వు.

వసారాలోకి ఉరికి రంగమ్మ గారి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. సంచీ ఆమె పక్కనే ఉంది. “నువ్వడుగు పెద్దమ్మా. ఎవరు అనొద్దు. ఏంది అని అడుగు.”

“గదేం అడుగుడే? నువ్వూ ఆయన జట్టేనా?”

“ఒక్కసారి. నీ కాళ్ళు మొక్కుత.”

ఆమె మంచానికి దూరంగానే నిలబడి, గోడకు చెప్తున్నట్టు అడిగింది. “గోదావరి ఏంది?”

కోటయ్య గారి నాలుక అటూ ఇటూ తిరిగింది. చెమట పట్టింది. వస్తుందా, రాదా అని నేను చీర కొంగు నలిపేస్తున్నాను. చివరికి ఒక్క మాట వచ్చింది.

“ఇనుము.”

“ఇనుమా?”

“అవ్. ఓడ.”

“మిలట్రీల ఓడలేందయ్యా?” అంది ఆమె, ఇంకా నమ్మకుండా. “నువ్వు బార్డర్ల ఉంటివి గద?”

“లే. నీళ్ళల్ల.”

ఆమె నా వైపు చూసింది, నేనేమైనా నేర్పానేమోనని. తర్వాత మంచం పట్టె మీద కూర్చుంది. అడగడం మొదలుపెట్టింది. నేను పని చేసిన ఇళ్ళలో అంత బాగా అడిగిన మనిషిని చూడలేదు. అవ్, లే అని జవాబు వచ్చేట్టుగా, చిన్న చిన్నగా.

“మూడు పేర్లు పొలానివి కావా?”

“లే. ఓడయి.”

“ముక్కలు?”

ఎడమ చేత్తో కోస్తున్నట్టు చూపించాడు. “ఓడ. పాత ఇనుము. తూకం.”

“తూకానికి అమ్మేసిన్రా?”

“అవ్.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తలకు... పోసుకున్న.”

అప్పుడు రంగమ్మ గారు నవ్వింది. నవ్వుతూనే నెత్తి కొట్టుకుంది. “ఓరి నీ ఇల్లు బంగారంగాను! ఇన్నొద్దులు నేను ఇనుప సామాన్ల మీద కుళ్ళి సచ్చిన్నా!”

సత్యం ఆ మధ్యాహ్నమే ఒక్కడే బస్సెక్కాడు. రంగమ్మ గారు చేతులకు నూనె రాసి, సున్నిపిండితో కడిగి, మజ్జిగలో ముంచి, మళ్ళీ కడిగింది. వేలు నా నాలుకకు తాకించి “కారమున్నదా?” అని అడిగింది. లేదన్నాను. కూర్చోబెట్టి, తల ముందుకు వంచి గదవ కిందికి దించి పెడితే జావ గొంతుకు అడ్డం పడదని నేను చూపించాను. ఆమె పెట్టింది. ఆయన నోరు తెరిచాడు. రైల్స్ ట్యూబు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం చూస్తే నీళ్ళ చెంబు మంచానికి ఎడమ పక్కకు మారింది.

తర్వాత రోజుల్లో ముద్దకొక ప్రశ్న. అట్లా ఆ ఓడ బతుకంతా మాకు తెలిసింది. దాన్ని డిస్ట్రాయర్ అంటారట. శత్రువుల పడవల వెంటపడి వేటాడేదని మా కోడలు చెప్తోంది. పెద్ద యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు వాళ్ళు దాన్ని కట్టి ఒక పేరు పెట్టారు. పొలం, పొలం అని ఆయన అన్నది పొలం కాదు, పోలండ్. చర్చిలో ఫాదరు ప్రసంగంలో ఆ దేశం పేరు విన్నాను కాబట్టి అది నాకు తట్టింది. వాళ్ళ దేశాన్ని శత్రువులు పట్టుకుంటే, దేశం పోయిన ఆ నావికుల చేతికి ఓడను ఇచ్చారు. అప్పుడు రెండో పేరు. ఒక ఒడ్డున నీళ్ళలో కొట్టుకుపోతున్న సిపాయిలను అది పైకి లాగిందని, తనకంటే ముందు వాళ్ళు చెప్పగా విన్నాడట. చేత్తో లాగి లాగి చూపించేవాడు. యుద్ధం అయ్యాక మన దేశానికి వచ్చింది. మూడో పేరు గోదావరి. మన నది పేరు ఉన్న ఓడలో కొలువు దొరికిందని ఈయన ఉబ్బిపోయి పచ్చబొట్టు వేయించుకున్నాడు. ఆ గాలం బొమ్మ లంగరు.

“మరి ఆ ఓడల నువ్వు తుపాకి పేల్చినవా?” అని రంగమ్మ గారు అడిగింది.

“లే.”

“ఒక్కపారి గూడ?”

“లే.”

“మరి ఏం జేసినవయ్యా అన్నేండ్లు?”

ఆయన సిగ్గుపడ్డాడు. “నీళ్ళు... కాగబెట్టిన.”

ఓడ అడుగున బాయిలరు దగ్గర మంట చూసే స్టోకరు ఆయన. ఆవిరి తగ్గకూడదు, నల్ల పొగ లేవకూడదు. లేస్తే పైనుంచి తిట్లు. తుపాకీ కథలు అడిగే ఊరికి నీళ్ళు కాగబెట్టానని ఎట్లా చెప్తాడు? అందుకే ఆ ఓడ పేరే ఇంట్లో ఎత్తలేదు.

“గంతేనా?” అంది రంగమ్మ గారు. “నేను గూడ ఇంట్ల గదే పని జేసిన గద. నాకెవరన్న మిలట్రీ రంగమ్మ అన్నరా?”

వానలు పడ్డాక ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆ రోజే, మాట పూర్తిగా పోకముందు, నేను మొదట్లో చెప్పిన మాటలు అనుకున్నారు. ఆయన బూడిదను గోదావరిలోనే కలిపారు.

సత్యం కర్మలకు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. “ఓడ పేరుని ఎవడైనా ఒంటి మీద పొడిపించుకుంటాడా మరియమ్మా? ఇనుము పోతే తలకి పోసుకుంటాడా?” అన్నాడు. పోసుకుంటాడనే అన్నాను. కానీ ఇన్నేళ్ళు మంచాల పక్కన కూర్చున్న దాన్ని, నా అనుమానం పూర్తిగా పోలేదు. కోటయ్య గారి మీద కాదు, రంగమ్మ గారి మీద. ఆమె నిజంగా నమ్మిందా? లేక ఆ ముసలాయన నోరు తెరవాలంటే నమ్మక తప్పదని నమ్మిందా? ఇనుము అన్న మాట వినగానే అంత తొందరగా నవ్వేసింది. అన్నేళ్ళ మంట అంత తొందరగా ఆరుతుందా? నేను అడగలేదు. దానికి ఎవరు, ఏంది అని తిప్పి అడగడం కుదరదు.

ఆ ఇంటి తర్వాత మాట పడిపోయిన ఏ పేషెంటు దగ్గరికి పోయినా, ఇంట్లో వాళ్ళు ‘దాస్తున్నాడు’ అంటే నేను ఒప్పుకోను. మనం తప్పు ప్రశ్న అడుగుతున్నామేమో అని ముందు నన్నే అనుమానిస్తాను. అంతకంటే పెద్ద పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

సరే సునీతా, కలం ఆపు. నా మాటల్ని నువ్వు సాపు చేసి రాస్తావని తెలుసు, ఏమీ అనను. మొదట్లో రంగమ్మ గారు అన్నది చూడు. ‘దానికి జెప్పు’ అంది. నువ్వు అక్కడ ‘ఆమెకు’ అని దిద్దలేదు కదా? ఆ మాటకు రెండు వైపులా దారి ఉంది, ఏదీ మూసెయ్యకు. ఏది, మొదటి నుంచి చదువు. వింటా.